వాడి చేతి నీళ్ళు

చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదు. మా వైపు ఇది ఎవరూ ఎవరికీ నేర్పే పని కాదు. శవం లేవగానే బిందెలు బోర్లిస్తారు, గోళెం వంచేస్తారు, ఈ మధ్య ఫ్రిజ్‌లో సీసాలను కూడా వదలడం లేదు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళుండరు. చెయ్యకపోతే మాత్రం చెప్పేవాళ్ళు పేటంతా ఉంటారు.

మా ఆయన హరిచరణ్ పోయిన రోజు ఆ పనిని రాఘవమ్మ పెద్దత్తయ్య నెత్తిన వేసుకుంది. ఆవిడ, ఎప్పుడో కాలం చేసిన మా మామగారి అక్క. చందర్లపాడు నుంచి ఏడుస్తూ వచ్చి ఆటో దిగింది, ఏడుస్తూనే వంటింట్లోకి వెళ్ళి ఏ బిందెలో నీళ్ళున్నాయో చూసి వచ్చింది. ఆవిడది దొంగ ఏడుపని నేననడం లేదు. మేనల్లుడంటే ఆవిడకు ప్రాణం. కానీ కొందరికి దుఃఖమూ పెత్తనమూ ఒకదానికొకటి అడ్డం రావు.

బిందెలయ్యాయి, సీసాలయ్యాయి. చివరికి ఆవిడ చూపు హాల్లో గోడవారగా ఉన్న అద్దాల తొట్టి మీద పడింది. నాలుగడుగుల తొట్టి, నిండా నీళ్ళు, నీళ్ళ నిండా మొక్కలు. పైన దీపం వెలుగుతూనే ఉంది. పొద్దున డ్యూటీకి వెళ్తూ చరణ్ వేసిన దీపం అది.

"ఇది కూడా ఒంపెయ్యండ్రా" అంది.

ఇద్దరు మగపిల్లలు బకెట్లతో ముందుకొచ్చారు. నేను లేచి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. ఆ స్థితిలో నాకు అంత ఓపిక ఎక్కడిదో తెలియదు.

"వద్దు పెద్దత్తయ్యా. అందులో చేపలున్నయ్."

"చేపల్ని బకెట్టులో ఏసి కొత్త నీళ్ళు పోసుకోవే. మైల నీళ్ళు ఎవరన్నా నట్టింట్లో పెట్టుకుంటారా?"

"ఒక్కసారి నీళ్ళన్నీ తీసేస్తే మొక్కలు చస్తయ్."

"మడిసే పోయాడు. మొక్కలకొచ్చిందా?"

చుట్టాలందరూ నన్నే చూస్తున్నారు. మొగుడు పోయిన రోజున మొక్కల కోసం వాదించే ఆడది ఎలాంటిదై ఉంటుందోనని వాళ్ళ మొహాల్లో స్పష్టంగా రాసి ఉంది. అప్పుడు, అంతసేపూ గోడకు జారగిలబడి ఎవరేమడిగినా పలకని మా అత్తగారు ప్రమీలారాణి నోరు తెరిచింది.

"ఉండనీ వదినా. నిన్న సాయంత్రం కూడా మోచేతుల దాకా పెట్టి సర్దాడు అందులో. వాడి చేతి నీళ్ళు అయ్యి. ఎట్టా పారబోస్తాం?"

కన్నతల్లి మాట మీద మాట ఎవరంటారు? పెద్దత్తయ్య "నీ ఇష్టం ప్రమీలా" అని బకెట్ల వాళ్ళను వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్ళింది. అక్కడ నీలం డ్రమ్ము ఒకటుంది. దాన్నిండా నీళ్ళుంటే వంచేయించింది. ఆ సంగతి నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. తెలిసి ఉన్నా డ్రమ్ముకు కూడా అడ్డం పడేదాన్ని కాదేమో. దాని విలువ నాకు తెలిస్తేగా.

చరణ్ మా పేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబ్ కెమిస్టు. క్వారీ నుంచి వచ్చిన రాయిని పొడి చేసి అందులో సున్నం ఎంతుందో చూడటం ఆయన ఉద్యోగం. పొద్దంతా సున్నంతో కాపురం చేసి, ఇంటికొచ్చి సున్నం లేని నీళ్ళ కోసం తపస్సు చేసేవాడు. మా ఇంటి బోరు నీళ్ళ సంగతి చెప్పాలంటే ఒక్క మాట చాలు. వాటితో కందిపప్పు ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా పప్పు పప్పుగానే ఉంటుంది. అలాంటి నీళ్ళలో తను తెచ్చిన మొక్కలు ఎందుకు బతుకుతాయి? అందుకని వానాకాలంలో మేడ మీద పడిన నీళ్ళను డ్రమ్ములో పట్టుకుని, మూత బిగించి దాచుకుని, వేసవి దాకా పొదుపుగా వాడేవాడు. ఆదివారం పొద్దున్నే రబ్బరు గొట్టంతో తొట్టిలోంచి కొన్ని బకెట్ల నీళ్ళు లాగి పెరట్లో కరివేపాకు పాదుకు పోసి, డ్రమ్ము నీళ్ళూ బోరు నీళ్ళూ కలిపి మళ్ళీ నింపేవాడు. ఎంతకెంత కలపాలో ఆయనకే తెలుసు. నేనెప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చిన వాళ్ళు చేపల్ని చూసి ముచ్చటపడితే ఆయనకు ఒళ్ళు మండేది. "చేపలు ఎరువు కోసం. మీరు చూడాల్సింది మొక్కల్ని" అనేవాడు. మాకు పిల్లల్లేరు. చేపలే మీ పిల్లలన్నమాట అని ఎవరో ఒకసారి జాలిపడితే, "మరి మా పిల్లలు వాళ్ళ పిల్లల్ని వాళ్ళే తింటున్నారండి, ఏం చెయ్యమంటారు?" అని మొహం మీదే అడిగాడు. ఆ వచ్చినాయన కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. చరణ్ నోరు అలాంటిది. నాదీ తక్కువేం కాదు, అందుకే మాకు కుదిరింది.

మొక్కల పేర్లు నాకు రావు. పొడుగాటి ఇంగ్లీషు పేర్లు, అవి కూడా ఇంగ్లీషు కాదట. నందిగామ హైస్కూల్లో సోషల్ చెప్పి బస్సులో ఊగుతూ ఇల్లు చేరే మనిషికి ఇంకా ఆ పేర్లు కూడానా? వెనక వరసలో బారుగా పెరిగేది గడ్డి. కర్రదుంగకు అంటుకుని ఉండేది నాచు. మధ్యలో గుబురుగా, సన్నటి ఆకులతో ఉండేది ఎర్రది. ఈ మూడు పేర్లతోనే నేను కాపురం నెట్టుకొచ్చాను. "ఒక్కసారి నేర్చుకోవే, ఎర్రది ఏంటి ఎర్రది" అని విసుక్కునేవాడు. ఎర్రది అంటే ఆయనకు మహా ఇష్టం. నీళ్ళలో కాస్త సున్నం ఎక్కువైతే అది వెలిసిపోతుంది. దాన్ని ఎర్రగా నిలబెట్టడమే గొప్ప. కొసలు తెంపి, బారు పట్టకారుతో ఇసుకలో మళ్ళీ నాటితే అదే కొత్త మొక్క అవుతుంది. అలా ఒక్క రెమ్మను ఇన్ని రెమ్మలు చేశాడు.

మొక్కలకు గాలి కావాలని ఒక కూల్‌డ్రింకు సీసాలో పంచదారా ఈస్టూ కలిపి, దాన్నుంచి సన్న గొట్టం తొట్టిలోకి పెట్టేవాడు. ఆ సీసా కల్లు వాసన వేసేది. మొదటిసారి ఆ వాసన తగిలిన రోజున మా అత్తయ్య, కొడుకు పడుకున్నాక వచ్చి, ఆయన మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఆయన కళ్ళు తెరిచి, "తాగలేదమ్మా, మొక్కలకి పోశా" అన్నాడు. ఆ మాటకు ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నాం.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ల్యాబులో ఛాతీలో నొప్పి అన్నాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. అంతకంటే చెప్పడానికేం లేదు. అందరూ వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక చూస్తే ఆ కల్లు సీసా ఇంకా పని చేస్తోంది. సన్న గొట్టం చివర్నుంచి ఒక్కో బుడగ పైకొస్తోంది. ఆయన కలిపిన పంచదార ఇంకా అయిపోలేదు. నేను కొన్నాళ్ళు అక్కడే కూర్చుని ఆ బుడగల్ని చూశాను. అవి నెమ్మదించాయి, ఒక రోజు ఆగిపోయాయి. మళ్ళీ కలపడం నాకు తెలియదు. ఆ రోజు నేను ఏడ్చినట్టు ఆయన శవం ముందు కూడా ఏడవలేదు.

ఇక మా అత్తయ్య. ఆవిడ అసలు ఏడవలేదు. ఎవరో తలమీద నీళ్ళు పోస్తే పోయించుకుంది, ఎవరో అన్నం పెడితే తిన్నది. పెద్దకర్మ నాడు కూడా కంట తడి లేదు. గుండె రాయి చేసుకుందన్నారు చుట్టాలు. అసలు సంగతి నేను తర్వాత కనిపెట్టాను. పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, తొట్టి మూత పక్కకు జరిపి, వేళ్ళు నీళ్ళలో ముంచి కళ్ళకు అద్దుకునేది. తర్వాత అక్కడే కుర్చీ వేసుకుని నెమ్మదిగా మాట్లాడేది.

"బ్రహ్మయ్య బాబాయి కూతురికి సంబంధం కుదిరిందిరా. నిన్న చెప్పి పోయారు."

"మీ ఆవిడకి బస్సులో సీటు దొరకటంలేదంట. కాళ్ళు పీకుతున్నయ్ అంటంది."

నాకు మొదట భయమేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, చెప్పడానికేం, కాస్త అసూయ కూడా కలిగింది. ఆవిడకు కొడుకు నీళ్ళలో దొరికాడు. నాకు నీళ్ళు నీళ్ళలాగే కనిపించేవి. నాకు ఆయన కనిపించేది మొక్కల్లో. ఆ ఎర్ర రెమ్మలు ఆయన వేళ్ళు ఎక్కడ గుచ్చితే అక్కడే నిలబడి ఉన్నాయి. ఇద్దరం ఒక్క తొట్టినే చూసేవాళ్ళం, చూసేది మాత్రం వేరు. అది అప్పట్లో మాకు తెలియదు.

నీళ్ళు మార్చకూడదని మేమిద్దరం కూర్చుని అనుకున్నది లేదు. చుట్టాలందరితో కొట్లాడి నిలబెట్టుకున్న నీళ్ళను మా చేతులతో మేం పారబోస్తామా? ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. రబ్బరు గొట్టం మేకుకు వేలాడుతూనే ఉంది. నీళ్ళు ఆవిరై తగ్గితే పైన పోసేదాన్ని, అంతే. పేట ఎండల సంగతి తెలిసిందే. నాలుగు పక్కలా క్వారీలు, మధ్యలో మేము. చైత్రం వచ్చేసరికి తొట్టి రోజూ వేలి మందం దిగిపోయేది. స్కూలు నుంచి రాగానే బోరు నీళ్ళు పట్టి, చేత్తో వెచ్చదనం చూసి, మెల్లగా పోసేదాన్ని. పాత నీళ్ళలో నాలుగు కొత్త చుక్కలు కలుస్తున్నాయి, పాతవి పాతవిగానే ఉన్నాయి అనుకున్నాను. చదువుకున్నదాన్నే. పిల్లలకు నీటి చక్రం బొమ్మ గీసి చెప్పేదాన్నే. నట్టింట్లో ఉన్న దానికి ఆ బొమ్మ అన్వయించుకోవాలని తట్టలేదు.

చేపలు హాయిగా ఉన్నాయి. పిల్లల మీద పిల్లలు పెట్టాయి. గడ్డి ఏపుగా పెరిగింది. అందుకే మోసపోయాను. ఎర్రది మాత్రం కిందనుంచి ఆకులు రాల్చడం మొదలుపెట్టింది. ఉన్న ఆకుల రంగు దిగిపోయి, వాటి మీద నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టినట్టు తెల్లటి పొర పట్టింది. వేలితో రుద్దితే గరగరమనేది. ఇంకాస్త గట్టిగా రుద్దితే ఆకు ఊడి చేతికొచ్చేది. దీపం ఎక్కువసేపు వేసి చూశాను. తక్కువసేపు వేసి చూశాను. అరటితొక్క నానబెట్టిన నీళ్ళు పొయ్యమని స్టాఫ్ రూములో ఎవరో చెబితే అదీ చేశాను. గుబురంతా పోయి కొన్ని రెమ్మలు మిగిలాయి. బడి తెరిచే నాటికి వాటిలోనూ పచ్చగా ఉన్నది కొసలే.

అప్పుడొచ్చాడు ఎడ్విన్. చరణ్ కింద ల్యాబులో పనిచేసే కుర్రాడు, ఉండేది నందిగామ. వాళ్ళింట్లోనూ తొట్టి ఉంది. ఆదివారం చర్చి అయ్యాక ఇటొచ్చి, ఇద్దరూ కత్తెరలు పట్టుకుని కూర్చుంటే అన్నానికి లేపడం నా వల్ల అయ్యేది కాదు. టిఫిన్ డబ్బాల్లో తడి కాగితం చుట్టి మొక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. ఎర్రది మొదట వచ్చింది ఎడ్విన్ డబ్బాలోనే. అన్న లేని ఇంటికి రావడానికి ఇన్నాళ్ళూ కాళ్ళు రాలేదన్నాడు. లాకరులో ఉండిపోయిన చరణ్ కళ్ళజోడు, చొక్కా, కాఫీ కప్పు తెచ్చి ఇచ్చాడు. అత్తయ్య ఆ పూట బ్రహ్మయ్య బాబాయి వాళ్ళింటికి వెళ్ళింది.

ఎడ్విన్ తొట్టి ముందుకు వెళ్ళి వంగి చూశాడు. అద్దం మీద నీటి మట్టం దగ్గర పట్టిన తెల్ల చారను గోటితో గీకాడు.

"వదినా, నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది?"

"మార్చలేదు. తగ్గినకాడికి పోస్తన్నా."

"ఏ నీళ్ళు?"

"బోరువి."

"అదేంటండి, పైన అన్న వాననీళ్ళ డ్రమ్ము ఉండాలిగా."

పైకి వెళ్ళి చూశాం. డ్రమ్ము బోర్లించి ఉంది. అప్పుడు నాకు ఆ రోజు మేడ మీదికి వెళ్ళిన బకెట్లు గుర్తొచ్చాయి. ఎందుకు వంచారో, తొట్టి నీళ్ళు ఎందుకు వంచలేదో ఎడ్విన్‌కు మొత్తం చెప్పాను. అతను వింటూ తల దించుకున్నాడు.

కిందికొచ్చాక తొట్టి పక్క అరలోంచి, చరణ్ నీళ్ళు పరీక్ష చేసుకునే సీసాలు తీశాడు. గాజు గొట్టంలో కాసిని తొట్టి నీళ్ళు పట్టి చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. నీళ్ళు ఎర్రగా అయ్యాయి. ఆ ఎరుపు నీలంగా మారాలట, ఎన్ని చుక్కలకు మారితే అంత సున్నం ఉన్నట్టట. చుక్క మీద చుక్క వేస్తూనే ఉన్నాడు. నీలం కాదు. సీసా సగం అయిపోయినా నీలం కాలేదు. చివరికి మూత పెట్టేశాడు.

"మన బోరులో ఉన్నదానికి ఎన్నో రెట్లుంది వదినా. నీళ్ళు ఆవిరైతే సున్నం ఆవిరి కాదుగా, ఇందులోనే మిగిలిపోద్ది. మళ్ళీ మీరు బోరు నీళ్ళు పోస్తారు. మళ్ళీ అది మిగుల్తది. ఆకుల మీద ఉంది కూడా అదే. గడ్డికి సున్నం పడుద్ది, చేపలకీ పడుద్ది. ఎర్రదానికి పడదు." పేర్లన్నీ తెలిసిన అతను కూడా ఎర్రది అనే అన్నాడు.

"ఏం చెయ్యాలి?"

"ఈ నీళ్ళు పొయ్యాలి. ఒక్కసారి కాదు, కాసిని కాసిని తీసి మంచి నీళ్ళు పోస్తా రావాలి. సున్నం తీసేసిన వాటర్ ప్లాంటు నీళ్ళు నేను క్యాన్లలో తెస్తా. ఆలస్యం చేస్తే ఆ రెమ్మలు కూడా దక్కవండి."

అతను సీసాలు మళ్ళీ అరలో సర్దుతూ అన్నాడు.

"ఇంకో మాట చెప్పనా వదినా, ఏమీ అనుకోవద్దు. అన్న చేతి నీళ్ళు అంటన్నారు. అయ్యి ఇప్పుడు ఇందులో లేవండి. ఈ ఎండాకాలంలో తొట్టికి తొట్టి ఎన్నిసార్లు ఆవిరై ఉంటదో. మీరు పారబొయ్యకపోయినా అయ్యి పోయినయ్."

కుర్చీ దగ్గర్లోనే ఉంది కాబట్టి కూర్చున్నాను. ఆ కుర్చీ అత్తయ్యది.

ఎడ్విన్ వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. నాకు మొక్క కావాలి. ఆయన చేత్తో గుచ్చినవి ఇంక ఆ కాసిని రెమ్మలే. అవి కూడా పోతే ఆ ఇసుకలో ఆయన పని అనేది మిగలదు. కానీ ఆ మాట అత్తయ్యకు ఎలా చెప్పాలి? ఆవిరి సంగతి ఎత్తకుండా, సాయంత్రం కాఫీ ఇస్తూ మామూలుగా అడిగాను.

"అత్తయ్యా, ఎర్రది పోతంది. నీళ్ళు కొంచెం మారుద్దామా?"

ఆవిడ కాఫీ పక్కన పెట్టింది.

"మొక్క పోతే ఎడ్విన్ ఇంకోటి ఇస్తాడు. నీళ్ళు యాడ తెస్తావే?"

ఆవిడ లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. అది నిజం కాదన్న సంగతి నా కడుపులోనే ఉంది. దాన్ని బయటపెడితే ఆవిడకు పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. మింగితే మొక్క ఉండదు.

అప్పుడు నేను చేసిన పని దొంగపని. అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, సెలవు రోజుల్లో, చెంబుతో తొట్టి నీళ్ళు తీసి కరివేపాకు పాదులో పోసి, ఎడ్విన్ తెచ్చిన క్యాన్లోంచి అన్నే నీళ్ళు నింపేదాన్ని. సొంత ఇంట్లో, సొంత మొగుడి తొట్టి దగ్గర, చెంబు అద్దానికి తగిలి చప్పుడవుతుందేమోనని ఊపిరి బిగపట్టేదాన్ని. క్యాన్లు నా బీరువా వెనక దాచేదాన్ని. ఎడ్విన్ వచ్చి ఇచ్చిపోతుంటే అత్తయ్య చూసి, "ఏందయ్యా అయ్యి?" అని అడిగితే, "వదినకి బోరు నీళ్ళు పడటంలేదంటండి, తాగటానికి" అని నా మొహం చూడకుండా చెప్పాడు పాపం. అబద్ధం చెప్పినందుకు వాళ్ళ చర్చిలో ఏం ప్రార్థన చేసుకున్నాడో.

ఎర్రది బతికింది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, చివర్లో నాకు దాని గురించి చెప్పబుద్ధి కాదు. వానలు పడి డ్రమ్ము మళ్ళీ నిండాక కొసల్లో లేత ఎరుపు తిరిగింది. ఇప్పుడు కొసలు తెంపి నాటడం నేనూ నేర్చుకున్నాను, వంకరగా వస్తున్నాయి. చూసినవాళ్ళు బాగుందంటారు. అత్తయ్య కూడా బాగుందంటుంది, పక్కింటి ముగ్గును బాగుందన్నట్టు. తొట్టి ముందు కుర్చీ ఇప్పుడు వరండాలో ఉంది.

నేను దొరికిపోయింది ఒక ఆదివారం మధ్యాహ్నం. జ్యేష్ఠం ఎండ నిప్పులు చెరుగుతోంది. చెంబు కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. చారులోకి కరివేపాకు కోసుకొస్తానని పెరట్లోకి వెళ్ళిన అత్తయ్య ఎంతకూ రాలేదు. వెళ్ళి చూస్తే పాదు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఇంత ఎండలో పాదు బురదగా ఉంది. ఆవిడ అరచేతిలో చిటికెన వేలి గోరంత చేపపిల్ల ఉంది. చెంబులో వచ్చినట్టుంది, నేను చూసుకోలేదు.

నన్ను చూసి లేచింది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"మా వదిన పారబొయ్యమంటే నేను అడ్డం పడ్డా. అందరి ముందూ అడ్డం పడ్డా. నా కొడుకుని దొంగతనంగా పారబోస్తన్నావా నువ్వు?"

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేను పారబోస్తున్నానా? ఆయన కోసం కాదా ఈ దొంగతనమంతా? కొడుకు నీకేనా, మొగుడు నాకు కాదా? నాకు కోపమొస్తే నోటికి తాళం ఉండదని మా అమ్మ నా పెళ్ళిలోనే వీళ్ళకు చెప్పింది.

"మీ కొడుకు అందులో లేడత్తయ్యా. అయ్యి చరణ్ చేతి నీళ్ళు కాదు. అయ్యి ఎప్పుడో ఆవిరైపోయినయ్. మీరు రోజూ పొద్దున్నే కళ్ళకద్దుకునేది మన బోరు నీళ్ళు. పప్పు ఉడకని నీళ్ళు."

అనేశాక నాకు తెలిసింది నేనేమన్నానో. నాలుక కొరుక్కున్నా మాట వెనక్కి రాదు కదా.

ఆవిడ నన్ను చూస్తూ నిలబడింది. చేపపిల్ల ఉన్న అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది.

"ఎవరు చెప్పారు?"

"ఎడ్విన్."

"ఆ పిల్లోడికి ఎట్టా తెలుసు?"

"చరణ్ సీసాలతోనే చూశాడత్తయ్యా. ఆయన చూసేవాడే, అట్టాగే."

కొడుకు సీసాలు అనగానే ఆవిడ వాదన ఆగిపోయింది. కొడుకు చేసే పరీక్ష అబద్ధమని ఆవిడ ఎన్నడూ అనలేదు.

"ఎప్పుడు పోయినయ్యి?"

"ఏమో. ఎండలు మొదలైన కాడ్నుంచీ రోజూ పోతానే ఉన్నయ్. నేను పోస్తా వచ్చా."

"మరి నేను మాట్టాడతంటే?"

నేను నేల చూశాను.

"ఏమీ మిగల్లేదా?"

"మిగల్లేదు."

ఆవిడ తల ఆడించింది. ఏదో ఊరి కబురు విన్నట్టు నెమ్మదిగా ఆడించింది. చేపపిల్లను పాదులో పెట్టి దాని మీదికి మట్టి జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా పక్కనుంచే నడిచి, కొళాయి దగ్గరికి వెళ్ళి బకెట్టు కింద పెట్టి తిప్పింది. కాళ్ళు కడుక్కుంటుందనుకున్నాను. బకెట్టు నిండేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత బట్టలుతికే రాయి మీద కూర్చుని, ముడి విప్పుకుని, కట్టిన చీరతోనే చెంబెత్తి తలమీద పోసుకుంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. దూరాన ఉన్నవాళ్ళకు సొంతవాళ్ళ చావు కబురు అందితే, అందిన చోటే కట్టుబట్టలతో తలారా పోసుకుంటారు. ఎన్నాళ్ళకు అందినా సరే, అందిన రోజే స్నానం. మాఘమాసంలో ఆవిడకు ఎవరో నీళ్ళు పోస్తే తడిసింది. కబురు మాత్రం ఇవ్వాళే అందింది. చెప్పింది నేను. అది కూడా కోపంగా.

మూడో చెంబుకో ఎప్పుడో, "చరణూ" అంది. చిన్నప్పుడు అలా పిలిచేదట. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిలుపు వినడం అదే మొదలు. మళ్ళీ అంది. ఆ తర్వాత ఇంక ఆగలేదు. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. ఇన్నాళ్ళకు ఇదేం ఏడుపని వాళ్ళకు అర్థమై ఉండదు.

నేను వెళ్ళి రాయి పక్కన తడి నేల మీదే కూర్చున్నాను. బకెట్టులో చెంబు అడుగుకు తగిలి ఖంగుమంది. ఆవిడ కళ్ళు తెరవకుండానే ఖాళీ బకెట్టు నా వైపు నెట్టింది. నేను కొళాయి తిప్పి మళ్ళీ నింపి ఇచ్చాను.